విత్తన పొట్టేలుకు హార్మోన్ సూది పొడిస్తే అకాలంలో ఈతలు వస్తాయా?

మీరు అడిగింది నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిచేయండి. కనిగిరి దగ్గర మెట్ట ఊళ్ళో మీకు నెల్లూరు జాతిలో జోడిపి రకం గొర్రెలు 120, విత్తన పొట్టేళ్ళు 4 ఉన్నాయి. ఈతలన్నీ కార్తీకానికీ సంక్రాంతికీ మధ్యే పడిపోతున్నాయి. ఏడాదిలో ఇంకో విడత పిల్లలు రావాలి, అవి బక్రీదు బేరానికి అందాలి అని మీ ఆలోచన. ఆస్ట్రేలియాలో చెవి వెనక హార్మోన్ గుళిక పెట్టి ఎదల కాలాన్నే మార్చేస్తారని వీడియోలో చూశారు. ఆ గుళిక ఇక్కడ దొరకలేదు. మీ ఊళ్ళో ఒకాయన "అదంతా దేనికి, టెస్టోస్టిరాన్ సూది రెండు డోసులు పొడువు, పొట్టేలు మందనంతా దాటుద్ది" అన్నాడు. పొడవొచ్చా అని మీ ప్రశ్న.

పొడవొద్దు. ఆ సూదితో పొట్టేలుకు దూకుడు పెరిగితే పెరగొచ్చు, విత్తనం మాత్రం పడిపోతుంది. చెవి గుళిక సంగతికొస్తే, మన నెల్లూరు జాతికి మనం ఉన్న చోట దాని అవసరం లేదు. మీ గొర్రెలు రెండో విడత ఎదకు రాకపోవడానికి మేత ఒక కారణం, ఎండ ఒక కారణం, పొట్టేళ్ళను ఏడాది పొడుగునా మందలోనే తిప్పడం మూడో కారణం. ఈ మూడిట్లో ఆఖరిది సరిచేయడానికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది చేయనిది అదే.

ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి చుట్టూ పశువైద్యుడిగా ముప్పై ఏళ్ళకు పైగా తిరిగినవాణ్ణి. రిటైరయ్యాక సొంతంగా 40 గొర్రెలు పెట్టుకున్నా. ఉద్యోగంలో ఉన్నప్పటికంటే ఇప్పుడే కాపరుల మాట ఎక్కువ వింటున్నానని మా ఇంట్లో దెప్పుతుంటారు.

టెస్టోస్టిరాన్ సంగతి ముందు తేల్చేద్దాం. పొట్టేలు బీజాల్లో విత్తనం తయారవ్వాలంటే, ఆ బీజాల లోపల మగ హార్మోను చాలా చిక్కగా ఉండాలి. రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని తయారుచేయమని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటుంది. మనం బయటినుంచి సూది పొడిస్తే రక్తంలో హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. మెదడు అది చూసి, ట్యాంకు నిండిపోయిందని మోటారు కట్టేసినట్టు, కబురు ఆపేస్తుంది. దాంతో బీజాల లోపల హార్మోను ఎండిపోతుంది. రక్తంలో ఉన్న హార్మోను వల్ల పొట్టేలు గొర్రెల వెంట పడుతుంది, దాటుతుంది. కానీ దిగేది నీళ్ళ విత్తనం.

పొదిలి వైపు ఒక రైతుకు ఇదే జరిగింది. నెల్లూరు జాతిలోనే పల్ల రకం మంచి పొట్టేలు, తెల్లగా, ఎత్తుగా, చూస్తే ముచ్చటేసేది. ఎవరో చెప్పారని వారం వారం ఆ సూది పొడిపించాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫిర్యాదు పొట్టేలు మీద కాదు, గొర్రెల మీద: "సార్, రోజుకు ఐదారు కడతా ఉండాది, ఒక్కటీ నిలబడట్లే. గొర్రెలకు ఏదో రోగం ఉన్నట్టుండాది." బీజాలు పట్టుకుని చూస్తే మెత్తగా, సగం గాలి తీసిన బంతిలా ఉన్నాయి. విత్తనం తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఖాళీ మైదానంలో నలుగురు పిల్లలు ఆడుకుంటున్నట్టు అక్కడొకటి ఇక్కడొకటి. సూది మానిపించి, మేత పెట్టించి, మళ్ళీ దారిలో పడేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి ఆ ఏడాది ఎదల కాలం వెళ్ళిపోయింది. ఆ మధ్యలో ఆయన ఏమీ పాపం తెలియని ముప్పై గొర్రెల్ని గొడ్డువని సంతలో అమ్మేసుకున్నాడు. పొట్టేలుకైన నష్టం కంటే అది పెద్దది.

ఇంకొందరు జీఎన్‌ఆర్‌హెచ్ సూది అడుగుతారు. అది పైనుంచి కబురు పంపించే మందు కాబట్టి నష్టం చేయదు కదా అని. ఒంట్లో ఆ హార్మోను కాసేపటికొకసారి చుక్క చుక్కగా దిగుతుంది. ఒక్క సూదితో కొన్ని గంటలు టెస్టోస్టిరాన్ పెరిగి మళ్ళీ మామూలైపోతుంది. మందకు ఒరిగేదేమీ లేదు.

మరి పొట్టేలుకు టెస్టోస్టిరాన్ అసలు ఎక్కడా వాడరా అంటే, ఒక్క చోట వాడతారు, అదీ విత్తనం కోసం కాదు. విత్తులు కొట్టిన పొట్టేలుకు కొన్ని వారాలు ఆ సూది వేస్తే అది మళ్ళీ మగ వాసన వేస్తుంది, పెదవి ఎత్తుతుంది, గొర్రెల వెంట తిరుగుతుంది. చూడి కట్టించలేదు. అంటే ఎదలు రేపడానికీ, ఎదకొచ్చిన గొర్రెను పట్టివ్వడానికీ పనికొచ్చే ఉత్తుత్తి పొట్టేలు. వేసెక్టమీ చేసిన పొట్టేలు కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే ఆపరేషన్ అయిన వెంటనే మందలోకి వదలకూడదు. గొట్టాల్లో మిగిలిన విత్తనం పోవడానికి నెలా నెలన్నర పడుతుంది, నాకు తెలిసి ఈ మాట చెప్పక ఊళ్ళో తగువులయ్యాయి. హార్మోను సూది వేసిన జీవాన్ని ఆ వెంటనే కోతకు అమ్మడం కూడా సరికాదు, తినేది మనుషులు.

ఇప్పుడు వీడియోలో చూసిన గుళిక. అది మెలటోనిన్. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి ఊరించే హార్మోను. ఇంగ్లండు, దక్షిణ ఆస్ట్రేలియా లాంటి చోట్ల పగళ్ళు తగ్గుతూ రాత్రులు పెరుగుతుంటే గొర్రె ఒంటికి "ఇక ఎదకు రా" అని కబురు అందుతుంది. శీతాకాలానికి ముందు కట్టి, వసంతంలో గడ్డి మొలిచేటప్పుడు ఈనడం దాని ఏర్పాటు. వసంతం నుంచి ఎండాకాలం దాకా అక్కడి గొర్రెలు ఎదకు రావు, పొట్టేళ్ళు కూడా మందగిస్తాయి, బీజాలే చిన్నబోతాయి. అందుకని చెవి వెనక చర్మం కింద మెలటోనిన్ గుళిక పెట్టి, పగలు పెద్దగా ఉన్నా రాత్రులు పెరిగినట్టు ఒంటిని నమ్మిస్తారు. గొర్రెకు ఒకటి, పొట్టేలుకు మూడు. పెట్టిన మర్నాడే పని చేయదు, పొట్టేలు విత్తనం పుంజుకోవడానికి నెలన్నర దాకా పడుతుంది. ఫ్రాన్సు లాంటి చోట్ల గుళికకు బదులు కొట్టాల్లో రాత్రిపూట దీపాలు పెట్టి రెండు నెలలు పెద్ద పగళ్ళు చూపించి, తర్వాత ఆర్పేస్తారు. అదీ అదే లెక్క.

మన లెక్క వేసుకోండి. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, డిసెంబరు పగలు 8 గంటల లోపు. నెల్లూరు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ జూన్‌లో 13 గంటలు, డిసెంబరులో పదకొండుంపావు. తేడా రెండు గంటలు కూడా లేదు. అంత చిన్న తేడాను పట్టుకుని మన గొర్రె గర్భసంచి తాళం వేసుకోదు. కడుపు నిండితే ఏ నెలలోనైనా ఎదకు వస్తుంది, ప్రతి 17 రోజులకోసారి, ఒకటిన్నర రోజు దాకా నిలుస్తుంది. అంటే మీ మందకు తాళం లేదు. లేని తాళానికి చెవి కొనడం దేనికి?

అయితే మీ మందలో ఈతలన్నీ కార్తీకం–సంక్రాంతి మధ్యే ఎందుకు పడుతున్నాయి? వెనక్కి ఐదు నెలలు లెక్కపెట్టండి. జూన్, జులై, ఆగస్టు. మృగశిర దాటి నాలుగు చినుకులు పడి, బీడు పచ్చబడి, గొర్రె రెండు వారాలు పచ్చి కొరికేసరికి ఎదకొచ్చింది. గొర్రె తిన్నది చూసి ఎదకొచ్చింది, క్యాలెండరు చూసి కాదు. మాగాణి వైపు మందలు తోలుకెళ్ళే కాపరుల్ని అడగండి. వరి కోతలయ్యాక మార్చి, ఏప్రిల్‌లో కొయ్యకాళ్ళలో రాలిన గింజ ఏరుకు తిన్న గొర్రెలు అక్కడే ఎదకొస్తాయి, ఆగస్టు, సెప్టెంబరులో ఈనుతాయి. అదే జాతి, అదే ఎండ, మేత వేరు. మీ ఊరి గొర్రెలు ఆ రెండు నెలలూ ఎండిన కంప కింద తలలు దూర్చి నిలబడతాయి.

కాబట్టి రెండో విడత కావాలంటే ఫిబ్రవరి–మార్చి ఎదలు పట్టుకోండి. ఫిబ్రవరిలో ఇంకా మరీ వేడి ఉండదు, పొట్టేలు బాగుంటుంది, పిల్లలు జులై, ఆగస్టులో వానల పచ్చిక మీద పడతాయి. ఒక్క మెలిక. మీ గొర్రెలు డిసెంబరులో ఈని, ఫిబ్రవరిలో ఇంకా పాలిస్తుంటాయి. ఆ గొర్రె రెండు నెలలకే మళ్ళీ కట్టాలంటే ఒంట్లో సత్తా చాలదు. అందుకని ఒక్కో గొర్రె ఏడాదికి రెండుసార్లు ఈనాలని చూడకండి, రెండేళ్ళకు మూడు ఈతలు చాలు. ఐదు నెలలు చూడి, మూడు నెలలు పాలు, ఎనిమిది నెలల చుట్టు. మందను మూడు గుంపులు చేస్తే ప్రతి విడతలోనూ ఏదో ఒక గుంపు ఈనుతుంది. ముందుగా ఈనినవి, ఈసారి ఖాళీగా మిగిలినవి, పాలు విడిచినవి కలిపి ఓ నలభై గొర్రెలతో ఈ ఫిబ్రవరి మొదలుపెట్టండి.

పాలు విడవని గొర్రెల మీద, చిక్కిపోయిన వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. వీపు మీద చెయ్యి పెట్టి నిమరండి. వెన్నెముక దువ్వెన పళ్ళలా చేతికి గుచ్చుకుంటే ఆ గొర్రెకు ముందు మేత, తర్వాతే పొట్టేలు. కలపడానికి మూడు వారాల ముందు నుంచి తలకు రోజుకు 200–250 గ్రాముల దాణా: మొక్కజొన్న నూక, తవుడు, కాస్త వేరుశనగ చెక్క, చిటికెడు లవణ మిశ్రమం. కలిపిన తర్వాత కూడా రెండు వారాలు కొనసాగించాలి. మీ వైపు సుబాబుల్ తోటలు ఎక్కువ. ఆకు మంచిదే, మాంసకృత్తులున్న మేతే, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. అందులోని మైమోసిన్ ఎక్కువైతే వెంట్రుక రాలుతుంది, గొంతు వాస్తుంది, చూడి నిలవదు.

ఇక అసలు మాట. నా అనుభవంలో దీనికి మించిన హార్మోను చికిత్స లేదు: పొట్టేలును మంద నుంచి విడదీసి, మళ్ళీ కలపడం.

మన్నేరు అవతల ఒక పెద్దాయన ఉండేవాడు, బడి ముఖం చూడని మనిషి. ఆయన మందలో ఈతలు పదిహేను ఇరవై రోజుల్లో అయిపోయేవి, పక్క మందల్లో మూడు నెలలు సాగేవి. ఏం మందు వాడతావని అడిగితే నవ్వి, "మందేంది సార్, సంక్రాంతికి పొట్టేళ్ళను మా బామ్మర్ది ఊరికి తోలేస్తా. శివరాత్రి పోయినాక తెచ్చి ఇడుస్తా. అంతే" అన్నాడు. ఆయనకు ఇది వాళ్ళ నాయన నేర్పాడట. పరిశోధనలవాళ్ళు దీన్ని ఆస్ట్రేలియాలో 1940లలో రాసిపెట్టారు. కొంతకాలం మగ వాసన తగలని గొర్రెకు ఒక్కసారిగా ఆ వాసన తగిలితే, కొన్ని నిమిషాల్లోనే మెదడు నుంచి అండం విడుదల చేయించే హార్మోను ఊరడం మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో అండం దిగుతుంది. పొట్టేలు తోలులో, వెంట్రుకల్లో ఉండే ఆ వాసన టెస్టోస్టిరాన్ వల్ల పుట్టేదే. అంటే మీరు సూదిలో కొందామనుకున్నది పొట్టేలు ఒంటిమీద ఊరికే ఉంది. మేకపోతు వాసనకు కూడా గొర్రెలు కదులుతాయి.

చేసే పద్ధతి చెబుతాను, ఇందులో మూడు చోట్ల మనవాళ్ళు బోల్తా పడతారు.

మొదటిది, విడదీయడం అంటే దడి కట్టి అవతల పెట్టడం కాదు. కనబడకూడదు, వినబడకూడదు, గాలికి వాసన రాకూడదు. కనీసం నెల రోజులు, నేనైతే 45 రోజులంటాను. ఊరికి ఆ చివర చుట్టాల దొడ్డో, మీ మంద వెళ్ళని పొలమో చూసుకోండి. ఇంకో చిక్కు, మీ పొట్టేళ్ళను తీసేసినా నీళ్ళ దగ్గర పక్కవాళ్ళ మంద కలిసిందంటే వాళ్ళ పొట్టేలు మీ పని చెడగొడుతుంది. మందలు కలిసే ఊళ్ళలో ఇది సగమే పారుతుంది, అది ముందే చెబుతున్నా. మందలో తిరిగే ఎదిగిన పొట్టేలు పిల్లల్ని కూడా మర్చిపోకండి. ఐదారు నెలల పిల్ల మనకు పిల్ల, గొర్రెకు మగదే.

రెండోది, కలిపాక పది రోజులు చూసి "ఏమీ కాలేదు" అని వదిలేయడం. కలిపిన రెండు మూడు రోజులకు వచ్చే మొదటి అండం మూగది, గొర్రె ఎద చూపించదు, పొట్టేలును రానివ్వదు. కొన్నిట్లో ఆ చుట్టు ఆరు రోజులకే తెగిపోయి మళ్ళీ మొదలవుతుంది. అందుకని దాటడం 17వ రోజు నుంచి 25వ రోజు లోపల గుంపుగా కనబడుతుంది. మా పెద్దాయనకు ఈ లెక్క తెలియదు, కానీ "ఇడిసినాక ఇరవై దినాలకు సూడు సార్ తమాషా" అనేవాడు. ఉత్తుత్తి పొట్టేలు ఉంటే దాన్ని మొదటి రెండు వారాలు తిప్పి, 14వ రోజున అసలు పొట్టేళ్ళను వదలండి. వాటి సత్తా అప్పటిదాకా దాచినట్టవుతుంది.

మూడోది, ముసలి పొట్టేలుతోనో సోమరి పొట్టేలుతోనో ఇది చేయడం. చురుగ్గా వెంటపడే పొట్టేలుతోనే గొర్రె కదులుతుంది. చలిదేశాల్లో పొట్టేలుకు మెలటోనిన్ పెట్టడంలో ఒక లాభం ఇదే, అకాలంలో మందగించిన పొట్టేలును లేపి మంద మీదికి వదలడం. మన పొట్టేలు పగళ్ళు పెరిగితే మందగించదు. మన పొట్టేలును పడుకోబెట్టేది ఎండ.

ఒక మాట దాచను. మీ గొర్రెల్లో కొన్ని ఇప్పటికే 17 రోజుల చుట్టులో తిరుగుతుంటే ఈ పద్ధతి వాటిని ఒక్క చోటికి తేలేదు. అవి వాటి దారిన అవి వస్తాయి. పాల వల్లో, మేత తక్కువయ్యో ఆగిపోయిన వాటిని లేపడానికి ఇది. మన మందల్లో జనవరి, ఫిబ్రవరిలో ఎక్కువ భాగం అలాంటివే కాబట్టి ఫలితం కనబడుతుంది.

పొట్టేలు మీద పెట్టాల్సిన శ్రద్ధ రెండు నెలల ముందే మొదలవ్వాలి. ఇవాళ దిగే విత్తనం తయారీ రెండు నెలల కింద మొదలైంది. బీజాల్లో తయారవడానికి ఏడు వారాలు, గొట్టాల్లో నడిచి బయటికి రావడానికి మరో రెండు వారాల దాకా. మీరు జులైలో దాటించే విత్తనం మే నెల ఎండలో పుట్టింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రోళ్ళే పగిలే ఎండలో బీజాల సంగతేంటి? అవి ఒంటికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి, అందుకే దేవుడు వాటిని బయట వేలాడదీశాడు. కనిగిరిలో 43, 44 డిగ్రీలు కాసే రోజుల్లో మధ్యాహ్నం పొట్టేలును బీట్లో తిప్పితే, జూన్‌లో అది చూడటానికి బాగానే ఉంటుంది, దాటుతుంది, గొర్రెలు మాత్రం 17 రోజులకు మళ్ళీ ఎదకొస్తాయి. మీ సంక్రాంతి ఈతల్లో సగం నిజానికి కార్తీకంలోనే రావాల్సినవేమో. మే నెలంతా పొట్టేళ్ళకు వేప చెట్టు నీడ, చల్లటి నీళ్ళు, మేపు తెల్లవారుజామున, సాయంత్రం. జ్వరం కూడా ఎండలాంటిదే. వానాకాలం ఆఖర్లో నీలి నాలుక వచ్చి తగ్గిన పొట్టేలు, పైకి కోలుకున్నా రెండు నెలలు నమ్మదగ్గది కాదు. దానికి టీకా ఉంది, వానలకు ముందే వేయించండి.

పొట్టేలుకు రోజుకు 300 నుంచి 500 గ్రాముల దాణా, కొవ్వు పట్టకుండా. పత్తి చెక్క ఒక్కటే రోజూ పెట్టొద్దు, అందులోని గాసిపాల్ విత్తనాన్ని దెబ్బతీస్తుంది. గిట్టలు చూడండి, కుంటే పొట్టేలు ఎక్కలేదు. రెండు చేతులతో బీజాలు పట్టి చూడండి: రెండూ ఒకే సైజులో, గట్టిగా, సంచిలో అటూ ఇటూ జారాలి. ఒకటి చిన్నదై గడ్డ తగిలితే ఆ పొట్టేలు వద్దు. గొర్రెలకు చూడి చివర్లో కడుపు పోతుంటే బ్రూసెల్లా పరీక్ష చేయించండి, అది మనుషులకూ అంటుకుంటుంది.

ఏది ఎప్పుడు దాటిందో తెలియాలంటే పొట్టేలు రొమ్ముకు జాజు నూనెలో కలిపి పూయండి. దాటిన గొర్రె తుంటి మీద ఎర్ర మచ్చ పడుతుంది. 17 రోజులకు రంగు మార్చండి. ఎర్ర మచ్చ మీద నల్ల మచ్చలు ఎక్కువగా పడుతున్నాయంటే తప్పు పొట్టేలుది. ఆ పొదిలి రైతు ఈ పని చేసి ఉంటే ఆ ముప్పై గొర్రెలు ఇంకా ఆయన దొడ్లోనే ఉండేవి.

గొర్రెలకు హార్మోన్లు వాడే పద్ధతులు కూడా ఉన్నాయి, అవి పూర్తిగా వేరే కథ. ఒకటి స్పాంజి. ప్రొజెస్టిరాన్ జాతి మందు పట్టించిన స్పాంజిని గొర్రె యోనిలో 12–14 రోజులు ఉంచి తీసేస్తారు, తీసిన రోజే అండాన్ని ఎదిగించే పీఎంఎస్‌జీ అనే హార్మోను సూది వేస్తారు. ఒకటిన్నర, రెండు రోజుల్లో ఎక్కువ భాగం ఎదకొస్తాయి. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ మన దేశంలోనే ఇలాంటి స్పాంజి తయారుచేసింది, అవికెసిల్-ఎస్ అని పేరు. ఎదకు రాని గొర్రెను కూడా లేపగలిగేది ఇదే. కానీ మందంతా ఒకే రోజు ఎదకొస్తే 4 పొట్టేళ్ళు ఏ మూలకు? మామూలు రోజుల్లో పొట్టేలుకు 25–30 గొర్రెలు సరిపోతాయి, స్పాంజి తీసిన రోజు ఐదు నుంచి పది మించకూడదు. వాడితే ఇరవయ్యేసి గొర్రెలకు వారం తేడాతో పెట్టించండి, ఈతలు కూడా అప్పుడే చేతిలో ఉంటాయి. ఒక్క రాత్రి ముప్పై గొర్రెలు ఈనితే ఏ పిల్ల ఏ తల్లిదో తేల్చేలోపు నాలుగు పిల్లలు పోతాయి. ఇంకా ఈనని పడ్డలకు స్పాంజి పెట్టించొద్దు. తీసేటప్పుడు కంపు కొడుతుంది, భయపడకండి. ఏడాదికి మూడుసార్లు అదే గొర్రెకు పీఎంఎస్‌జీ వేస్తూ పోతే ఒళ్ళు దాన్ని తిప్పికొట్టడం నేర్చుకుంటుంది, పనిచేయడం తగ్గుతుంది.

రెండోది ప్రోస్టాగ్లాండిన్ సూది. ఇది చవక, అందుకే ప్రమాదం. చుట్టులో తిరుగుతున్న గొర్రెకు 10 రోజుల తేడాతో రెండు డోసులు వేస్తే ఎదకొస్తుంది. ఆగిపోయిన గొర్రెకు వేసినా ఒకటే, మంచినీళ్ళు పొడిచినా ఒకటే. చూడి గొర్రెకు పడితే మాత్రం కడుపు పోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఉదయగిరి వైపు ఒక మందకు, "పొట్టేలును ఎప్పుడో తీసేశాం సార్" అన్న మాట నమ్మి, కడుపు చూడకుండా అన్నిటికీ వేశాను. మూడు రోజుల తర్వాత ఆ రైతు వచ్చి ఏమీ అనలేదు, గోనెసంచిలో తెచ్చినవి నా ముందు పెట్టి కూర్చున్నాడు. ఏడు. పొట్టేలును తీసేసిన మాట నిజమే, తీసేసిన రోజే తప్పు చెప్పాడు. కానీ సూది పట్టుకున్నది నేను. అప్పటినుంచి పొట్టేలు ఎప్పుడు తీశారని అడగడం మానేశాను, కడుపే చూస్తాను. ఇంకో సంగతి, ఈ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు సీసా ముట్టుకోకూడదు. మన ఇళ్ళల్లో గొర్రెను పట్టుకునేది ఆడవాళ్ళే, అందుకని చెబుతున్నా.

బక్రీదు లెక్క కూడా అడిగారు. పండగ ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2027లో మే మధ్యలో, 2028లో మే మొదటి వారంలో, 2030కి ఏప్రిల్ మధ్యకు వస్తుంది. మీ కార్తీకం పిల్ల పుట్టాక వచ్చే రెండో బక్రీదుకు 17 నెలలది, బరువుంటుంది, కానీ ఏడాది నిండాక ఐదు నెలలు అదనంగా మేపాలి. జులై–ఆగస్టు పిల్లకు పండగనాటికి తొమ్మిది నెలలు. కొనేవాళ్ళలో ఏడాది నిండాలని పట్టుబట్టేవాళ్ళున్నారు, ఆరు నెలలు దాటి ఏడాది దానిలా కనబడితే చాలనేవాళ్ళున్నారు. నెల్లూరు జాతి ఎత్తరి కాబట్టి బాగా మేపిన తొమ్మిది నెలల పిల్ల సంతలో ఏడాది పిల్లలా నిలబడుతుంది. సరిగ్గా ఏడాది పిల్ల కోసం అక్టోబరు, నవంబరులో కట్టిస్తే ఎలా ఉంటుందని అడుగుతారేమో. ఆ నెలల్లో తుపాను వానలు, బురదలో గిట్టలు కుళ్ళడం, నీలి నాలుక. ఒకటి రెండు ఏళ్ళు కలిసొచ్చినా మూడో ఏడు దెబ్బకొడుతుంది. నేనైతే ఆ పని చేయను.

మీ 4 పొట్టేళ్ళలో రెండు మీ మందలోనే పుట్టినవని చివర్లో రాశారు. ఎదల సంగతి ఎలా ఉన్నా, ఆ రెండిటినీ ఈ లోపే అమ్మేయండి, తల్లుల్ని, తోబుట్టువుల్ని కట్టే మంద నిలవదు. బదులుగా దూరపు ఊరినుంచి రెండేళ్ళ జోడిపి పొట్టేలు ఒకటైనా తెండి. కొత్త పొట్టేలు వాసన గొర్రెలకు అలవాటు ఉండదు, దానివల్ల పైన చెప్పిన పని ఇంకా బాగా పారుతుంది. సంక్రాంతికి మిగతా పొట్టేళ్ళను విడదీసి, ఆ తేదీ ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి. కలిపిన తేదీ దాని కింద రాయండి. 25వ రోజు దాటాక ఎన్నిటి మీద మచ్చ పడిందో ఇక్కడే రాయండి, మిగిలినవాటిని ఏం చేయాలో అప్పుడు చూద్దాం.